ఇటుకల మెషిన్ అదురు ఇంటిదాకా ఎలా వస్తుంది? నా మోడల్‌లో దూరం పెరిగినా తగ్గడం లేదు

స్ట్రక్చర్స్‌_పీజీ | సోమవారం, రాత్రి 9:50

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఎంటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. కీసర వైపు మా పెద్దనాన్న వాళ్ల ఇల్లు ఉంది, కింద ఒకటి పైన ఒకటి. పోయిన ఏడాది ఇంటి వెనకాల సుమారు 40 మీటర్ల దూరంలో సిమెంట్ ఇటుకల యూనిట్ వచ్చింది. అచ్చులో మిశ్రమం పోసి వైబ్రేటింగ్ టేబుల్ మీద అదిరిస్తారు. మోటార్ ప్లేట్ మీద 2880 ఆర్‌పీఎం అని ఉంది, అంటే సెకనుకు 48 సార్లు. పై అంతస్తులో అల్మారాలోని స్టీలు గిన్నెలు గలగలమంటున్నాయి. గోడలు చీలిపోతాయేమోనని పెద్దమ్మకు రోజంతా టెన్షన్. యూనిట్ ఆయన మంచివాడే, "లెక్క కట్టి ఏం చెయ్యాలో చూపిస్తే చేస్తాను" అన్నాడు.

అందుకే ఫైనైట్ ఎలిమెంట్ మోడల్ (నేలను చిన్న ముక్కలుగా, అంటే ఎలిమెంట్లుగా, విడగొట్టి కంప్యూటర్‌లో లెక్కించేది) మొదలుపెట్టాను. 2డీ ప్లేన్ స్ట్రెయిన్ (నేలను నిలువుగా కోసిన ఒక ముఖాన్నే లెక్కించడం), 60 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల లోతు, 2 మీటర్ల ఎలిమెంట్లు. అడుగు ఫిక్స్ చేశాను, పక్కలకు రోలర్లు. షీర్ వేవ్ (మట్టిని అడ్డంగా ఊపుతూ పోయే అల) వేగం సెకనుకు 300 మీటర్లు అనుకున్నాను, డ్యాంపింగ్ (అల శక్తి మట్టిలోనే అరిగిపోవడం) ఇవ్వలేదు. పైన ఒక నోడ్ (ఎలిమెంట్లు కలిసే చుక్క) మీద 48 హెర్ట్జ్, అంటే సెకనుకు 48 సార్లు ఊగే లోడ్ పెట్టాను.

ఫలితం చూస్తే 10 మీటర్ల దగ్గర ఎంత ఉందో 40 దగ్గరా దాదాపు అంతే ఉంది. 50 దగ్గర ఇంకా పెరిగింది! నాలుగు రోజులుగా దీనితోనే ఉన్నాను. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

---

మాత్రిక | సోమవారం, రాత్రి 10:35

మీ మోడల్‌కు గోడలు ఉన్నాయి, నేలకు లేవు. కోనేట్లో రాయి వేస్తే అల ఒడ్డుదాకా పోయి సన్నబడిపోతుంది. అదే రాయి బిందెలో వేస్తే అంచుకు కొట్టుకుని వెనక్కి వస్తుంది, పోయే అలా వచ్చే అలా కలిసి కొన్నిచోట్ల రెట్టింపవుతాయి, కొన్నిచోట్ల చచ్చిపోతాయి. 50 మీటర్ల దగ్గర పెరిగింది అందుకే. రోలర్లు, ఫిక్స్ చేసిన అడుగు అలను మొత్తంగా వెనక్కి పంపిస్తాయి.

పక్కల్లోనూ అడుగునా డ్యాష్‌పాట్‌లు (అల శక్తిని మింగే డ్యాంపర్లు) పెట్టండి. 1969లో లిస్మర్, కూలెమేయర్ ఇచ్చిన పద్ధతి ఇది. అంచుకు లంబంగా వచ్చే కదలికకు సాంద్రతను పీ వేవ్ (మట్టిని నొక్కుతూ సాగదీస్తూ పోయే అల) వేగంతో గుణించాలి, అంచు వెంబడి జరిగే కదలికకు సాంద్రతను షీర్ వేవ్ వేగంతో గుణించాలి. ఘనపు మీటరుకు 1900 కిలోలు అనుకుంటే షీర్‌కు చదరపు మీటరుకు 570 కిలోన్యూటన్-సెకను పర్ మీటర్ వస్తుంది. పాయిసన్ నిష్పత్తి (ఒకవైపు నొక్కితే పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) 0.25 అయితే పీ వేవ్ వేగం సుమారు 520, కాబట్టి రెండోది 990 దగ్గర. అంచుకు నేరుగా తగిలే అలను ఇది పూర్తిగా మింగేస్తుంది, ఏటవాలుగా వచ్చేదాన్ని కొంత వెనక్కి పంపిస్తుంది. అందుకే అంచును ఇంటికి దగ్గరగా పెట్టకండి. పీఎంఎల్ (అంచుకు వచ్చిన అలను మింగేసే పొర) ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే ఇంకా మేలు. 1994లో బెరెంజే దాన్ని విద్యుదయస్కాంత తరంగాల కోసం తయారుచేశాడు, తర్వాత నేల అలలకూ అదే పనికొచ్చింది.

మీ మెష్ (ఎలిమెంట్ల వల) కూడా సరిపోదు. 300ను 48తో భాగిస్తే తరంగ దైర్ఘ్యం 6.25 మీటర్లు. 2 మీటర్ల ఎలిమెంట్ అంటే ఒక అలకు మూడే ముక్కలు. కనీసం ఎనిమిది ఉండాలి. 0.6 మీటర్లు, కుదిరితే 0.5 పెట్టండి. ఇప్పుడున్న మెష్ 19 హెర్ట్జ్ వరకే నమ్మదగ్గది.

---

గట్టిరాయి | మంగళవారం, ఉదయం 6:20

మాత్రిక గారు చెప్పినవన్నీ సరిచేసినా నీ జవాబు తప్పే వస్తుందమ్మా. అసలు తప్పు 2డీ దగ్గరుంది.

ప్లేన్ స్ట్రెయిన్‌లో నువ్వు ఒక నోడ్ మీద పెట్టిన లోడ్ చుక్క కాదు. అది కాగితం లోపలికి అంతు లేకుండా సాగే గీత. కీసర నుంచి భువనగిరిదాకా వరసగా ఇటుకల మెషిన్లు పెట్టి ఒకేసారి ఆడించినట్టు. గీత నుంచి బయలుదేరిన ఉపరితల అలకు పక్కలకు విప్పారే చోటు లేదు. డ్యాంపింగ్ లేకపోతే అది ఎంత దూరమైనా అదే ఎత్తుతో పోతుంది. మీ ఇంటి వెనక ఉన్నది ఒక్క టేబుల్. దాని అల గుండ్రంగా విచ్చుకుంటుంది, చుట్టుకొలత పెరిగేకొద్దీ అదే శక్తిని ఎక్కువ మట్టి పంచుకుంటుంది. అప్పుడు ఎత్తు దూరపు వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. 10 మీటర్ల నుంచి 40కి పోతే సరిగ్గా సగం. దీనికి మొత్తం 3డీ అక్కర్లేదు, యాక్సీసిమెట్రిక్ (ఒక నిలువు అక్షం చుట్టూ గుండ్రంగా తిప్పిన మోడల్) చెయ్యి. అంతే పెద్ద మెష్‌తో సరైన జవాబు వస్తుంది.

కొంచెం పాతకాలం చెబుతాను, ఇది తెలిస్తే మోడల్‌ను నమ్మాలా వద్దా అనేది నీకే తెలుస్తుంది. ఉపరితలాన్ని అంటిపెట్టుకుని పోయే అల ఉంటుందని 1885లో రేలీ లెక్కలో చూపించాడు. సాగే గుణమున్న ఘనం పైముఖం మీద లోడ్ పెడితే అదురు ఎలా పాకుతుందో 1904లో హొరేస్ ల్యాంబ్ లెక్క కట్టాడు. నువ్వు చేస్తున్నది నూటికి నూరుపాళ్లు ఆయన సమస్యే, ఇప్పటికీ దాన్ని ల్యాంబ్ సమస్య అనే అంటారు. 1955లో మిల్లర్, పర్సీ ఇంకో అడుగు ముందుకేశారు. నిలువుగా ఊగే గుండ్రటి బిళ్ల నేలలోకి పంపే శక్తిలో 67 శాతం రేలీ అలకు, 26 శాతం షీర్ అలకు, 7 శాతం పీ అలకు పోతుందని తేల్చారు. పాయిసన్ నిష్పత్తి 0.25కు వచ్చిన లెక్క అది. షీర్, పీ అలలు నేల లోపలికి అర్ధగోళంలా విచ్చుకుంటాయి. పైముఖం వెంబడి అయితే దూరపు వర్గానికి విలోమంగా పడిపోతాయి, అంటే 10 నుంచి 40కి పదహారో వంతు. మూడింట రెండు వంతులు తీసుకుని మెల్లగా తగ్గే రేలీ అలే చివరికి మీ పెద్దమ్మ గిన్నెల దాకా వస్తుంది.

ముందు డ్యాంపింగ్ లేకుండా, ఒకే మట్టితో నడిపి 10 నుంచి 40కి సగం వస్తోందా చూడు. రాకపోతే మిగతావేవీ ముట్టుకోకు.

---

కొత్తగా_చేరిన | మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఫాలో అవుతున్నాను. మా కాలనీ పక్కన రోడ్డు పని జరుగుతోంది, మాకూ ఇదే బాధ.

---

స్ట్రక్చర్స్‌_పీజీ | బుధవారం, రాత్రి 11:10

గట్టిరాయి సార్, మాత్రిక గారు, చాలా థ్యాంక్స్. యాక్సీసిమెట్రిక్ చేశాను, 0.5 మీటర్ల మెష్, 100 మీటర్ల వ్యాసార్ధం, అంచుల్లో డ్యాష్‌పాట్‌లు. డ్యాంపింగ్ లేకుండా 10 నుంచి 40కి 0.51 వచ్చింది! తర్వాత 3 శాతం డ్యాంపింగ్ ఇస్తే 0.19కి దిగింది. చేత్తో కూడా సరిచూశాను. రేలీ అల వేగం షీర్ వేగంలో 0.92 వంతు, అంటే 276. మట్టి డ్యాంపింగ్ వల్ల తగ్గుదల మీటరుకు 0.033, 30 మీటర్లకు 0.37 మిగులుతుంది. సగంతో గుణిస్తే 0.19. రెండూ కలిశాయి.

కానీ ఇంకో విషయం. ఆదివారం పెద్దమ్మ నాతో, "మెషిన్ ఆడేటప్పుడు గిన్నెలు అంత మోగవే, ఆగేటప్పుడే గట్టిగా మోగుతాయి" అంది. అప్పుడు పట్టించుకోలేదు. నిన్న వెళ్లి రెండు గంటలు కూర్చున్నాను. ఆమె చెప్పింది నిజం. మోటార్ ఆఫ్ చేశాక నాలుగైదు సెకన్లకు ఒక్కసారి ఇల్లంతా ఊగినట్టు అవుతుంది, తర్వాత సద్దుమణుగుతుంది. నేను ఒక్క 48 హెర్ట్జ్‌కే మోడల్ చేస్తున్నాను కాబట్టి ఇది నాకు కనిపించే అవకాశమే లేదు.

---

సైట్‌సూపర్‌వైజర్_బోడుప్పల్ | గురువారం, ఉదయం 7:40

చెల్లెమ్మా, మీ పెద్దమ్మ మాట వంద శాతం కరెక్ట్. రోడ్డు పనుల్లో వైబ్రేటరీ రోలర్‌తో మాకు ఇది రోజూ ఉండేదే. రోలర్ వైబ్రేషన్ ఆన్ చేసేటప్పుడు, ఆఫ్ చేసేటప్పుడు పక్క ఇళ్లు ఎక్కువ ఊగుతాయి. అందుకే ఇళ్ల ముందు ఆన్-ఆఫ్ చేయనివ్వం, దూరంగా ఉన్నప్పుడే చెయ్యమంటాం. పాత ఇళ్లుంటే వైబ్రేషన్ లేకుండా బరువుతోనే ఎక్కువ పాస్‌లు కొట్టిస్తాం. కొత్తగా చేరిన అన్నా, మీ కాంట్రాక్టర్‌ను ఇదే అడగండి.

---

గట్టిరాయి | గురువారం, ఉదయం 8:05

సూపర్‌వైజర్ గారి మాటతో అసలు సంగతిలోకి వచ్చాం. అమ్మా, ఒక ప్రశ్న. మీ పెద్దనాన్న వాళ్ల బోరుకు ఎన్ని అడుగుల కేసింగ్ పడింది?

---

స్ట్రక్చర్స్‌_పీజీ | గురువారం, మధ్యాహ్నం 12:30

అడిగాను సార్. 20 అడుగులు. యూనిట్ వాళ్ల బోరుకు 22 అడుగులట. కానీ దీనికీ దానికీ సంబంధం ఏమిటి?

---

గట్టిరాయి | గురువారం, రాత్రి 9:15

చాలా సంబంధం ఉంది. మన ఊళ్లో బోరు వేసేవాళ్లు మట్టి, మొరం, కుళ్లిన రాయి ఉన్నంతవరకే కేసింగ్ దింపుతారు. గట్టి రాయి తగిలాక పైపు అక్కర్లేదు, రాయే గోడ. అంటే కేసింగ్ పొడవు గట్టి రాతి మీద ఉన్న వదులు పొర మందానికి ఖర్చు లేని కొలత. మీకు 6 మీటర్ల పొర, దాని కింద గ్రానైట్. 250 కోట్ల ఏళ్ల నాటి రాయి అది, షీర్ వేగం మొరం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పుస్తకంలో ఉండే "అంతులేని ఒకే మట్టి" హైదరాబాద్ చుట్టుపక్కల ఎక్కడా లేదు.

ఇప్పుడు లెక్క చూడు. గట్టి రాతి మీద కూర్చున్న పొరకు సొంత ఫ్రీక్వెన్సీ ఉంటుంది. షీర్ వేగాన్ని మందానికి నాలుగు రెట్లతో భాగించాలి. 300ను 24తో భాగిస్తే 12.5 హెర్ట్జ్. దాని కంటే బాగా తక్కువలో ఆ పొర అలను దూరం మోయలేదు, లోడ్ దగ్గరే ఊగి ఊరుకుంటుంది. 12.5 దాటగానే ఒక్కసారిగా మోయడం మొదలుపెడుతుంది. 48 దగ్గర రేలీ తరంగ దైర్ఘ్యం 6 మీటర్ల లోపే, ఆ అల దాదాపు పై పొరలోనే నడుస్తుంది, కింద రాయి ఉన్నట్టు దానికి తెలియదు. అందుకే నీ 48 హెర్ట్జ్ లెక్క ఒకే మట్టితోనూ సరిపోయింది. 12 దగ్గర తరంగ దైర్ఘ్యం 20 మీటర్లు దాటుతుంది, అక్కడ ఆట అంతా రాయిదే.

మోటార్ ఆగేటప్పుడు 48 నుంచి సున్నాకు దిగుతూ ఆ 12ను దాటుకుని పోతోంది. నా అనుమానం అదే. కానీ కొలవకుండా ఒప్పుకోను.

---

జియోఫోన్ | గురువారం, రాత్రి 10:00

ఫోన్ యాప్‌తో మాత్రం కొలవొద్దు. సెకనుకు 100 రీడింగులే తీసుకునే ఫోన్ అందులో సగం వరకే పట్టుకోగలదు, 48 హెర్ట్జ్ దాని హద్దు మీదే ఉంటుంది. పైగా అరచేతిలోనో పరుపు మీదో పెట్టిన ఫోన్ నేలతో కలిసి కదలదు. నేను ఉప్పల్‌లోనే ఉంటాను, సర్వే పనులు చేస్తాను. నా దగ్గర 4.5 హెర్ట్జ్ జియోఫోన్లు (నేల అదురును కొలిచే పరికరాలు) ఆరు ఉన్నాయి. ఆదివారం ఖాళీ. యూనిట్ ఆయనను ఒక గంట మెషిన్ ఆడించమని ఒప్పిస్తే వస్తాను. సమ్మెట కూడా తెస్తాను, నేల మీద ఇనుప పలక పెట్టి కొడితే అల ఎంతసేపట్లో ఎక్కడికి చేరిందో చూసి వేగం తేల్చేయొచ్చు. 300 అని అనుకోవాల్సిన అవసరం ఉండదు.

---

మోటార్‌వైండింగ్_బాలానగర్ | శుక్రవారం, సాయంత్రం 6:45

నేను మోటార్లు రిపేర్ చేసేవాణ్ని, మీ లెక్కలు పూర్తిగా తెలియవు. కానీ ఆ టేబుల్స్ బాగా తెలుసు. టేబుల్ కింద రబ్బరు బుష్‌లో స్ప్రింగులో ఉంటాయి. ఆన్ చేస్తే మోటార్ ఒక సెకనులో ఫుల్ స్పీడ్ అందుకుంటుంది కాబట్టి మధ్యలో అదురు తెలియదు. ఆఫ్ చేస్తే ఆపేవాళ్లు ఎవరూ లేరు, ఆ బరువు తిరిగి తిరిగి ఏడెనిమిది సెకన్లకు ఆగుతుంది. ఆ రబ్బరుకు నచ్చని స్పీడ్ ఒకటి ఉంటుంది, అక్కడికి రాగానే టేబుల్ పిచ్చిపట్టినట్టు ఊగుతుంది. మనిషి పక్కన నిలబడితే కంటికే కనిపిస్తుంది. మెల్లగా దిగుతుంది కాబట్టి ఆ స్పీడ్ దగ్గర ఎక్కువసేపు ఉంటుంది.

---

మాత్రిక | శుక్రవారం, రాత్రి 8:20

వైండింగ్ అన్న చెప్పింది అంకెల్లో పెడితే చాలా స్పష్టంగా ఉంది. తిరిగే అసమతుల్య బరువు పుట్టించే బలం వేగపు వర్గంతో మారుతుంది. 48 దగ్గర బలం 1 అనుకుంటే 12 దగ్గర పదహారో వంతే. కానీ రబ్బరు మీద టేబుల్ సొంత ఫ్రీక్వెన్సీ 12 దగ్గర ఉండి, డ్యాంపింగ్ 10 శాతం అయితే, అక్కడ రబ్బరు ఆ బలాన్ని 5 రెట్లు చేసి నేలకు ఇస్తుంది. 48 దగ్గర అదే రబ్బరు 8 నుంచి 9 శాతమే నేలకు పోనిస్తుంది. అంటే పూర్తి వేగంలో నేలకు చేరేది 0.085, దిగేటప్పుడు 0.32. దాదాపు నాలుగు రెట్లు! మెల్లగానైనా దాటిపోతుంది కాబట్టి ఆ ఐదు రెట్లు పూర్తిగా అందకపోవచ్చు, అయినా లెక్క మారదు.

ఇంకొక్కటి, పీజీ గారు. డ్యాంపింగ్‌ను స్టిఫ్‌నెస్ (గట్టిదనం) వంతుతో మాత్రమే ఇస్తే అది ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది. 12 దగ్గర 3 శాతం పెడితే 48 దగ్గర 12 శాతం అయిపోతుంది, అల మధ్యలోనే మాయమవుతుంది. మాస్, స్టిఫ్‌నెస్ రెండు వంతులూ తీసుకుని 12 దగ్గరా 48 దగ్గరా 3 వచ్చేలా సరిచేయండి. ఫ్రీక్వెన్సీ డొమైన్‌లో (ఒక్కో ఫ్రీక్వెన్సీకి విడిగా) చేస్తే ఈ తలనొప్పే ఉండదు.

---

జియోఫోన్ | ఆదివారం, రాత్రి 9:30

ఈ రోజు కీసర వెళ్లొచ్చాం. పెద్దమ్మ గారు జొన్నరొట్టె, పచ్చి పులుసు పెట్టారు, ముందు దానికి దండం.

సమ్మెటతో షీర్ వేగం 280, 310 మధ్య వచ్చింది. కాబట్టి 300 మంచి ఊహే. మెషిన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు 10 మీటర్ల దగ్గర నేల నిలువు వేగం సెకనుకు 0.9 మి.మీ., 40 మీటర్ల దగ్గర, ఇంటి గోడ పక్కన, 0.16. మోడల్ చెప్పిన 0.19 వంతుకు ఇంత దగ్గరగా వస్తుందని నేను అనుకోలేదు.

ఇక ఆపేటప్పుడు. 12, 13 హెర్ట్జ్ మధ్య 10 మీటర్ల దగ్గర 0.8. గోడ పక్కన నేల మీద 0.35. పై అంతస్తు స్లాబ్ మధ్యలో 1.6! మడమ ఎత్తి స్లాబ్ మీద దబ్బున కొట్టి చూశాం, స్లాబ్ సొంత ఫ్రీక్వెన్సీ 14 దగ్గర ఉంది. టేబుల్ రబ్బరు, మొరం పొర, స్లాబ్, మూడూ ఒకే చోట కలిశాయి. ఒకటి ఊపితే రెండోది అందుకుంటోంది, దాని నుంచి మూడోది.

---

సైట్‌సూపర్‌వైజర్_బోడుప్పల్ | సోమవారం, ఉదయం 7:30

మధ్యలో ఒక కందకం తవ్వేస్తే? జేసీబీ నేను పంపిస్తాను.

---

గట్టిరాయి | సోమవారం, ఉదయం 8:10

మీ మంచి మనసుకు థ్యాంక్స్, కానీ వద్దు. 1968లో వుడ్స్ చేసిన ప్రయోగాల ప్రకారం మెషిన్ చుట్టూ తవ్వే కందకం పనిచేయాలంటే రేలీ తరంగ దైర్ఘ్యంలో కనీసం 0.6 వంతు లోతు ఉండాలి. 48 హెర్ట్జ్‌కు 3.5 మీటర్లు చాలు. కానీ బాధ 12 దగ్గర కదా, ఒకే మట్టి లెక్కన చూసినా 14 మీటర్లు కావాలి. 6 మీటర్లకే గ్రానైట్ తగులుతుంది.

పెద్దమ్మ గారి భయానికి జవాబు కూడా చెబుతాను. ఇళ్లలో మనిషి సెకనుకు 0.3 మి.మీ. దగ్గరే అదురును పసిగడతాడు. క్వారీ పేలుళ్లకు మన డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) 1997 సర్క్యులర్ మామూలు ఇళ్లకు 8 హెర్ట్జ్ లోపు సెకనుకు 5 మి.మీ., 8 నుంచి 25 హెర్ట్జ్ మధ్య 10 మి.మీ. హద్దు పెట్టింది. ఎప్పుడో ఒకసారి వచ్చే పేలుడుకు పెట్టిన హద్దు ఇది, రోజుకు వంద సార్లు ఆగే మెషిన్‌కు నేరుగా వాడకూడదు. ఎక్కువకాలం సాగే అదురుకు జర్మనీ ప్రమాణం డిన్ 4150 ఇళ్ల పై అంతస్తు అడ్డ కదలికకు 5 మి.మీ. పెట్టింది. నేల మీద 0.35తో గోడలు చీలవు. గిన్నెలు మోగడం, నిద్ర పట్టకపోవడం మాత్రం నిజమైన బాధే, దాన్ని తీర్చాలి.

---

మోటార్‌వైండింగ్_బాలానగర్ | సోమవారం, మధ్యాహ్నం 2:00

డీసీ ఇంజెక్షన్ బ్రేక్ పెట్టించండి. ఆఫ్ చేయగానే వైండింగ్‌లోకి డీసీ కరెంట్ పోతుంది, మోటార్ ఒకటి రెండు సెకన్లలో ఆగుతుంది. ఆ చెడ్డ స్పీడ్‌ను రెప్పపాటులో దాటేస్తుంది. రోజుకు ఎక్కువసార్లు ఆపుతారు కాబట్టి మోటార్ వేడెక్కకుండా టైమర్ సరిగా పెట్టాలి. నేను వచ్చి చూస్తాను.

---

స్ట్రక్చర్స్‌_పీజీ | ఆ తర్వాతి శనివారం, రాత్రి 10:20

6 మీటర్ల పొర, కింద రాయి పెట్టి 5 నుంచి 60 హెర్ట్జ్ దాకా నడిపాను. ఒకే బలానికి 40 మీటర్ల దగ్గర కదలిక 9 హెర్ట్జ్ లోపు దాదాపు ఏమీ లేదు, 12 దగ్గర నిటారుగా లేచింది. మాత్రిక గారి బలం లెక్కతో గుణిస్తే జియోఫోన్ గారి కొలతల ఆకారమే వచ్చింది. నా మొదటి మోడల్‌లో దీని జాడ కూడా లేదు.

గురువారం బ్రేక్ పెట్టారు. మెషిన్ ఇప్పుడు సెకనున్నరలో ఆగుతోంది. జియోఫోన్ గారు మళ్లీ కొలిచారు, స్లాబ్ మధ్యలో 1.6 ఉన్నది 0.5కు వచ్చింది. పెద్దమ్మ నిన్న పొద్దున ఫోన్ చేసి, "ఆపినట్టే తెలియలేదే" అంది.

---

జియోఫోన్ | శనివారం, రాత్రి 10:45

వానలు పడ్డాక ఒకసారి మళ్లీ కొలుద్దాం. మొరంలో నీళ్లు చేరితే వేగం కొద్దిగా మారుతుంది, 12.5 ఎటు జరుగుతుందో చూడాలని ఉంది. ఇంటికి అటువైపు ప్లాట్‌లో కేసింగ్ ఎంత పడిందో కూడా కనుక్కోండి. ఆ పక్కనే గుండ్లు పైకి తేలి కనిపించాయి. మన దగ్గర 50 అడుగులు జరిగితే రాయి లోతు రెట్టింపు కావచ్చు, అసలు లేకనూ పోవచ్చు.

---

స్ట్రక్చర్స్‌_పీజీ | శనివారం, రాత్రి 11:05

కనుక్కున్నాను. అటువైపు 38 అడుగులు.

---

గట్టిరాయి | ఆదివారం, ఉదయం 6:00

అయితే యాక్సీసిమెట్రిక్ ఇక చాలదమ్మా. రాయి ఒక పక్కకు వాలుతోంది. ఇప్పుడు 3డీ మొదలుపెట్టు.